టీఎంటీ నార్మల్ వచ్చింది, అమ్మాయిని మళ్లీ పరుగు పోటీలకు పంపవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. బత్తాయి తోట మీద బతుకుతున్నాం. మా పెద్దమ్మాయికి 15 ఏళ్లు, గురుకులంలో చదువుతోంది. 800 మీటర్ల పరుగులో, కబడ్డీలో ముందుంటుంది. రెండు నెలల కింద గ్రౌండులో సాధన చేస్తూ, పరుగు మధ్యలోనే కుప్పకూలింది. నిమిషం లోపే తెలివికి వచ్చింది కానీ, పడ్డప్పుడు చేతులు కొట్టుకున్నాయని తోటి పిల్లలు చెప్పారు. అంతకు ముందు కూడా పరిగెత్తేటప్పుడు ఛాతీ మీద బరువు పెట్టినట్టుందని అనేది. రక్తం తక్కువై నీరసమేమోనని మేము ఊరుకున్నాం. దగ్గర్లోని ఆసుపత్రిలో రక్త పరీక్ష, ఈసీజీ, టూడీ ఎకో, మిషన్ మీద పరిగెత్తిస్తూ ఈసీజీ చూసే టీఎంటీ చేసి అన్నీ నార్మల్ అన్నారు. ఫిట్స్ కావచ్చని మాత్రలు రాశారు. మా బావమరిది పట్టుబట్టి హైదరాబాద్ తీసుకుపోతే, అక్కడి డాక్టరు మళ్లీ ఎకో చూసి, గుండెకు రక్తం ఇచ్చే ఎడమ నరం కుడి పక్క నుంచి పుట్టినట్టు అనుమానంగా ఉందని, సీటీ తీయాలని, ఆ తర్వాత గుండెకు శ్రమ కల్పించి ఫొటోలు తీసే పరీక్ష కూడా చేయాలని చెప్పారు. మిషన్ మీద ఒకసారి పరిగెత్తి నార్మల్ వచ్చాక మళ్లీ ఎందుకు? పరిగెత్తితేనే పడిపోయిన బిడ్డను మళ్లీ పరిగెత్తించడం ప్రమాదం కాదా? మాది మేనరికం, అందుకే ఇలా అయిందా? ఆపరేషన్ అంటే ఆడపిల్ల ఛాతీ మీద కోత అని ఇంట్లో ఒకటే ఏడుపు. తమ్ముడు కూడా కబడ్డీ ఆడతాడు, వాడికీ భయమేనా? వచ్చే నెలలో పోటీలున్నాయి, పంపమంటారా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకు గడువు దగ్గరలో ఉంది కాబట్టి ముందుగా దానికే జవాబు చెబుతాను. వచ్చే నెల పోటీలకు అమ్మాయిని పంపవద్దు. సీటీ జరిగి, గుండె వైద్యుడు ఆడవచ్చని కాగితం మీద స్పష్టంగా రాసి ఇచ్చేంత వరకు పరుగు, కబడ్డీ, ఖోఖో, ఈత, స్నేహితులతో పందెం వేసుకొని పరిగెత్తడం, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తోటలో బరువైన గంపలు మోయడం, ఇవన్నీ పూర్తిగా ఆపాలి. మామూలుగా నడవడం, తరగతికి వెళ్లడం, చదువుకోవడం ఆపనక్కర్లేదు. ఆమెను మంచానికి పరిమితం చేయాల్సిన జబ్బు కాదిది, అయితే శరీరం పూర్తి శ్రమలో ఉన్న కొద్ది నిమిషాల్లోనే ప్రమాదం తెచ్చే లోపం కావచ్చు. అందుకే ఆ కొద్ది నిమిషాల అవకాశాన్ని దానికి ఇవ్వకూడదు.

మీరు రాసిన వివరాలన్నింటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది టూడీ ఎకో రిపోర్టు కాదు, అమ్మాయి పరుగు మధ్యలో పడిపోయిందన్న మాట. పిల్లలు స్పృహ తప్పడం అరుదేమీ కాదు. ఉదయం ప్రార్థన సమయంలో ఎండలో చాలాసేపు నిలబడి, కళ్లు బైర్లు కమ్మి, చెమటలు పట్టి పడిపోయే పిల్లల్లో ఎక్కువ మందికి గుండె జబ్బు ఉండదు. పరుగు ముగించి ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు కాళ్లలో రక్తం నిలిచి తల తిరగడం కూడా చాలాసార్లు హాని లేనిదే. కానీ పరుగు సాగుతుండగా, ముందస్తు సూచన లేకుండా, అడుగు మీద అడుగు పడుతుండగానే కూలిపోవడం వేరు. దానికి తోడు శ్రమ చేసినప్పుడే ఛాతీ మీద బరువు అనిపించిందంటే, మరో కారణం రుజువయ్యే వరకు దాన్ని గుండెకు సంబంధించిన స్పృహ తప్పడంగానే చూడాలి. చేతులు కొట్టుకోవడం చూసి ఫిట్స్ అనుకోవడం సహజమే. అయితే గుండె నుంచి మెదడుకు రక్తం కొన్ని సెకన్లు అందకపోయినా చేతులు కాళ్లు అలాగే కొట్టుకుంటాయి. ఇప్పుడు వాడుతున్న ఫిట్స్ మాత్రలను మీ అంతట మీరు మానేయవద్దు, హఠాత్తుగా మానితే వేరే చిక్కులు వస్తాయి. నరాల వైద్యుడికి ఈ కొత్త విషయం చెప్పి, ఆ మాత్రలు అవసరమా కాదా అన్నది ఆయన చేతనే తేల్పించండి.

ఇక లోపం సంగతికి వస్తాను. గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ ధమనులు రెండు. బృహద్ధమని గుండె నుంచి బయలుదేరే చోట, దాని మొదట్లోనే, ఎడమ కరోనరీ ఎడమ వైపు నుంచి, కుడి కరోనరీ కుడి వైపు నుంచి మొదలవుతాయి. కొద్దిమందిలో, నూటికి ఒకరి కంటే తక్కువ మందిలో, ఒక ధమని తన చోట కాక ఎదుటి వైపు నుంచి పుడుతుంది. కుడి ధమని ఎడమ వైపు నుంచి పుట్టడం ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి వారిలో చాలామంది ఏ ఇబ్బందీ తెలియకుండానే జీవితం గడిపేస్తారు. ఎడమ ధమని కుడి వైపు నుంచి పుట్టి, బృహద్ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్యగా వెళ్లడం ఇంకా అరుదు, కానీ ఎక్కువ ప్రమాదకరమైనది ఇదే. గుండె ఎడమ గదికి, అంటే శరీరం మొత్తానికి రక్తాన్ని తోసే గదికి, ప్రధానంగా రక్తం అందించేది ఆ ధమనే కావడం ఇందుకు కారణం. మీ అమ్మాయికి అనుమానిస్తున్నదీ ఈ రెండో రకమే.

పుట్టిన చోటు మారినంత మాత్రాన ప్రమాదం ఎందుకు రావాలన్న సందేహం మీకు కలిగి ఉంటుంది. ఇలాంటి ధమని చాలాసార్లు నేరుగా బయటకు రాదు. బృహద్ధమని గోడ లోపలే కొంత దూరం పాకి, ఆ తర్వాత బయటపడుతుంది. దాని మొదటి రంధ్రం గుండ్రంగా కాక, సన్నని చీలికలా ఉండవచ్చు. మీ తోటలో మెయిన్ పైపు నుంచి ఒక డ్రిప్ పైపు ఇలాగే మెయిన్ పైపు గోడలో నొక్కుకొని కొంత దూరం పోయి బయటకు వచ్చిందనుకోండి. వానాకాలంలో చెట్లకు అవసరం తక్కువ కాబట్టి మీకు ఏ తేడా కనిపించదు. ఎండాకాలంలో మోటారు పూర్తి ఒత్తిడితో నడిచి మెయిన్ పైపు ఉబ్బినప్పుడు, గోడలో ఉన్న ఆ సన్నని పైపు మరింత నొక్కుకుపోతుంది. చెట్టుకు నీరు బాగా కావలసిన సమయంలోనే అందేది తగ్గుతుంది. పరుగులో బృహద్ధమని సాగినప్పుడు గోడలో ఉన్న కరోనరీ భాగానికి జరిగేది ఇదే. దీనికి తోడు గుండె కండరానికి రక్తం ప్రధానంగా గుండె సడలినప్పుడు అందుతుంది. గుండె నిమిషానికి 180, 190 సార్లు కొట్టుకుంటున్నప్పుడు ఆ సడలే సమయం బాగా తగ్గిపోతుంది. అవసరం పెరగడం, దారి ఇరుకు కావడం, సమయం తగ్గడం, ఈ మూడూ ఒకేసారి కలిసినప్పుడు కండరానికి రక్తం చాలక గుండె లయ తప్పుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు తీసిన ఈసీజీలో ఇందులో ఏ ఒక్కటీ కనిపించదు.

అలాగైతే టీఎంటీలో అమ్మాయి పరిగెత్తింది కదా, అప్పుడెందుకు కనబడలేదన్నది మీ మొదటి ప్రశ్న. దీనికి వైద్య సాహిత్యంలో చాలా బాధాకరమైన జవాబు ఉంది. 2000లో అమెరికా, ఇటలీ వైద్యులు కలిసి, ఇలా తప్పు చోట పుట్టిన కరోనరీలతో ఆకస్మికంగా మరణించిన 27 మంది యువ క్రీడాకారుల వివరాలను ప్రచురించారు. వారిలో 23 మందికి ఉన్నది ఎడమ ధమని కుడి వైపు నుంచి పుట్టిన లోపమే. అందరూ తీవ్రమైన శ్రమలో ఉండగానో, అది ముగిసిన వెంటనేనో మరణించారు. బతికి ఉండగా మామూలు ఈసీజీ తీయించుకున్న 9 మందికీ అది నార్మల్‌గానే వచ్చింది. పూర్తి శ్రమతో పరుగు పరీక్ష చేయించుకున్న 6 మందికీ అదీ నార్మల్‌గానే వచ్చింది. సంఖ్య చిన్నదే అయినా, ఈ లోపం విషయంలో టీఎంటీ నార్మల్ అన్న మాట మీద భారం వేయకూడదని అది గట్టిగా చెబుతోంది. ఆ పిల్లల్లో కొందరు ముందుగానే స్పృహ తప్పిన సంగతి, ఛాతీ నొప్పి వచ్చిన సంగతి చెప్పి ఉన్నారు. అందుకే పరీక్షలన్నీ బాగున్నాయి అని ఎవరైనా అన్నప్పటికీ, అమ్మాయి తన నోటితో చెప్పిన లక్షణాలను పక్కన పెట్టవద్దని మీకు ఇంత పట్టుదలగా చెబుతున్నాను.

ఈ లోపం టీఎంటీలో బయటపడకపోవడానికి కారణాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, టీఎంటీ ప్రధానంగా పెద్దవారిలో కొవ్వు పేరుకుని ఏర్పడే అడ్డంకులను కనిపెట్టడానికి వాడే పరీక్ష. అలాంటి అడ్డంకి ఎప్పుడూ అక్కడే ఉంటుంది, కాబట్టి ఏ రోజు నడిపించినా దాని ప్రభావం బయటపడే అవకాశం ఎక్కువ. ఇక్కడ ఇరుకు అప్పటికప్పుడు ఏర్పడి, శ్రమ ఆగగానే పోతుంది. ఒకరోజు కనిపించినది మరోరోజు కనిపించకపోవచ్చు. రెండవది, చాలా చోట్ల టీఎంటీని ఒక లెక్క చేరగానే ఆపేస్తారు: 220 నుంచి వయసును తీసేసి, అందులో 85 శాతం. 15 ఏళ్ల అమ్మాయికి ఆ లెక్క 174 వస్తుంది. సాధారణంగా వాడే పద్ధతిలో మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగంతో 10 శాతం ఎత్తు మీద నడిపించి, ప్రతి మూడు నిమిషాలకూ వేగం, ఎత్తు పెంచుతారు. రోజూ పరుగు సాధన చేసే పిల్లకు గుండె వేగం 174కు చేరేసరికి అసలైన అలసట ఇంకా మొదలై ఉండదు. పోటీలో చివరి 200 మీటర్లలో ఆమె గుండె పడే శ్రమ దానికి చాలా ఎక్కువ. చల్లని గదిలో, మధ్యలోనే ఆపిన పరీక్షకూ, నల్లగొండ ఎండలో గెలవాలన్న పట్టుదలతో పరిగెత్తిన పరుగుకూ పోలిక లేదు. మీ దగ్గరున్న టీఎంటీ రిపోర్టు తీసి చూడండి. ఎన్ని నిమిషాలు పరిగెత్తింది, గుండె వేగం ఎంత వరకు చేరింది, ఎందుకు ఆపారు అన్నవి అందులో రాసి ఉంటాయి. అమ్మాయి ఇక నా వల్ల కాదు అన్నందుకు ఆపారా, లెక్క చేరిందని ఆపారా అన్నది పెద్ద తేడా. మూడవది, టీఎంటీ చూసేది ఈసీజీ గీతలను మాత్రమే. ఆడవారిలో ఆ గీతలు ఏ జబ్బూ లేకపోయినా మారవచ్చు, జబ్బు ఉన్నా మారకపోవచ్చు. గుండె కండరంలో ఏ భాగం రక్తం చాలక వెనుకబడిందన్నది గీతల్లో కాదు, బొమ్మలో తెలుస్తుంది. మీకు రెండోసారి చెప్పిన పరీక్ష ఆ బొమ్మ కోసమే.

అయితే వరుస ముఖ్యం. ముందు సీటీ కరోనరీ యాంజియో జరగాలి. ఎకోలో కరోనరీలు పుట్టే చోటును ప్రత్యేకంగా వెతికితేనే కనిపిస్తాయి. ఎదిగిన పిల్లల్లో ఛాతీ గోడ మందం పెరిగి, వెతికినా స్పష్టంగా కనిపించకపోవచ్చు. మొదటి ఎకోలో తెలియనిది రెండో ఎకోలో అనుమానంగా బయటపడటానికి ఇది కారణం కావచ్చు. సీటీలో ధమని ఎక్కడ పుట్టింది, రంధ్రం ఎలా ఉంది, ఏ కోణంలో బయలుదేరింది, బృహద్ధమని గోడలో ఎంత దూరం ఉంది, ఏ దారిన వెళ్తోంది అన్నవన్నీ తెలుస్తాయి. చేతి నరం ద్వారా మందు ఎక్కించి, కొద్ది సెకన్లు ఊపిరి బిగబట్టించి తీస్తారు. రేడియేషన్ కొంత ఉంటుంది, కానీ ఈ సందర్భంలో తెలియకుండా ఉండిపోవడం దానికంటే పెద్ద నష్టం. సీటీ ముందు గుండె వేగం తగ్గించడానికి ఒక మాత్ర ఇవ్వవచ్చు. ఆ మాత్ర ప్రభావం ఉండగా శ్రమ పరీక్ష చేస్తే గుండె వేగం పెరగదు, పరీక్ష వృథా అవుతుంది. ఊరి నుంచి రెండోసారి రావాల్సి వస్తుందని రెండూ ఒకే రోజు పెట్టించుకోకండి.

శ్రమతో కూడిన గుండె చిత్రీకరణలో మూడు రకాలు ఉన్నాయి. మొదటిది స్ట్రెస్ ఎకో. విశ్రాంతిలో ఉండగా ఎకో తీసి, ట్రెడ్‌మిల్ మీద పూర్తిగా అలసిపోయే వరకు పరిగెత్తించి, ఆపిన వెంటనే ఎడమ పక్కకు పడుకోబెట్టి మళ్లీ తీస్తారు. శ్రమలో గుండె గోడలన్నీ మరింత బలంగా ముడుచుకోవాలి. రక్తం చాలని గోడ వెనుకబడుతుంది. ఇక్కడి కిటుకంతా సమయంలో ఉంది. బొమ్మలు నిమిషం లోపే పూర్తికావాలి, ఎందుకంటే పిల్లల గుండె వేగం చాలా త్వరగా దిగిపోతుంది, వెనుకబడిన గోడ అంతే త్వరగా కోలుకుంటుంది. కాబట్టి పిల్లలకు ఈ పరీక్ష తరచుగా చేసే చోట, చేయి తిరిగిన వారి దగ్గరే చేయించుకోవాలి. కొన్ని చోట్ల వెనక్కి వాలి తొక్కే సైకిల్ ఉంటుంది. దాని మీద తొక్కుతుండగానే బొమ్మలు తీయవచ్చు. కానీ అలవాటు లేని పిల్లలకు గుండె అలసే లోపే తొడలు నొప్పెట్టి ఆపేస్తారు.

రెండవది న్యూక్లియర్ స్కాన్, మన దగ్గర చాలామంది థాలియం స్కాన్ అని పిలిచేది. పరుగు పతాక స్థాయిలో ఉండగా నరంలోకి కొద్ది పరిమాణంలో రేడియోధార్మిక మందు ఇస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే మందు ఆ క్షణంలో రక్తం ఎక్కడెక్కడ ఎంత అందిందో అలాగే కండరంలో నిలిచిపోతుంది, తర్వాత తీరికగా బొమ్మ తీయవచ్చు. సమయం దాటిపోతుందన్న బెంగ దీనిలో లేదు. రేడియేషన్ ఉండటం, రొమ్ము నీడ పడి ఆడపిల్లల్లో లేని లోపం ఉన్నట్టు కనిపించడం దీని ఇబ్బందులు. మూడవది స్ట్రెస్ ఎంఆర్ఐ. ఇందులో రేడియేషన్ లేదు. గోడల కదలికను, రక్త ప్రసారాన్ని రెండింటినీ చూడవచ్చు. ఎంఆర్ఐ గొట్టంలో పరిగెత్తడం కుదరదు కాబట్టి మందుతో గుండెకు శ్రమ కల్పిస్తారు. ఆ మందు ఏదన్నది అడిగి తెలుసుకోండి. గుండె వేగాన్నీ, ముడుచుకునే బలాన్నీ పెంచే డోబుటమిన్ ఈ లోపంలో పరుగుకు కొంత దగ్గరగా ఉంటుంది. రక్తనాళాలను వెడల్పు చేసే అడెనోసిన్ పెద్దవారి అడ్డంకులకు బాగా పనికివస్తుంది కానీ, బృహద్ధమని సాగి ధమని నొక్కుకుపోయే స్థితిని అంతగా కల్పించలేదు. నా మట్టుకు నేను, పరిగెత్తగల పిల్లలను వీలైనంత వరకు పరిగెత్తించే చూడాలంటాను, ఎందుకంటే ఆమెకు లక్షణాలు వచ్చింది పరుగులోనే.

మళ్లీ పరిగెత్తించడం ప్రమాదం కాదా అని అడగడం తండ్రిగా మీ హక్కు. ప్రమాదం బొత్తిగా లేదని చెప్పను. సీటీ చూసిన తర్వాతే, ఆ బొమ్మ తెలిసిన గుండె వైద్యుడు పక్కన నిలబడి ఉండగా, ఈసీజీ నిరంతరం చూస్తూ, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే యంత్రం, మందులు, వాటిని వాడగల సిబ్బంది సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే ఈ పరీక్ష చేయాలి. వైద్యుడు గదిలో లేకుండా టెక్నీషియన్ ఒక్కరే చేసే చోట మీ అమ్మాయికి ఈ పరీక్ష వద్దు. సీటీలో లోపం చాలా తీవ్రంగా కనిపిస్తే, అసలు పరిగెత్తించకుండానే ఆపరేషన్ గురించి ఆలోచించాలని వైద్యులు అనవచ్చు. అలా అంటే దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి.

పరీక్ష రోజున మూడు గంటల ముందు తేలికగా ఏదైనా తిని, ఆ తర్వాత టీ, కాఫీ తాగకుండా రావాలి. రోజూ పరిగెత్తే బూట్లు, ట్రాక్ ప్యాంటు, ముందు వైపు గుండీలున్న వదులైన చొక్కా వెంట తెచ్చుకోవాలి. ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు అంటించి, జెల్ రాసి ఎకో తీస్తారు కాబట్టి, గదిలో మహిళా సిబ్బంది ఉండాలని, తల్లి పక్కనే ఉంటుందని ముందే అడగండి. సిగ్గుతో ముడుచుకుపోయిన పిల్ల పూర్తి బలంతో పరిగెత్తదు, అర్ధమనసుతో చేసిన పరీక్ష మళ్లీ నార్మల్ అనే వస్తుంది. ఛాతీలో బరువు, తల తిరగడం ఏ కొంచెం అనిపించినా వెంటనే చెప్పమనండి. పోటీల్లో ఓర్చుకోవడం అలవాటైన పిల్లలు ఇక్కడ కూడా పళ్ల బిగువున ఓర్చుకుంటారు.

ఇప్పుడు ఫలితాల సంగతి. పరీక్షలో గుండె గోడ వెనుకబడినట్టు కనిపిస్తే దారి స్పష్టమే. కనిపించకపోతే ఏమిటన్నదే కష్టమైన ప్రశ్న. సీటీలో ఎడమ ధమని కుడి వైపు నుంచి పుట్టి, రెండు పెద్ద ధమనుల మధ్యగా వెళ్తోందని రుజువై, పరుగులో స్పృహ తప్పడానికి మరో కారణం కనబడకపోతే, శ్రమ చిత్రీకరణ నార్మల్ వచ్చినప్పటికీ ఆపరేషన్‌నే సలహా ఇస్తారు. అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో ప్రకటించిన మార్గదర్శకాల్లో, ఈ లోపానికి సరిపోయే లక్షణాలు గానీ, రక్తం చాలడం లేదన్న పరీక్షా ఆధారం గానీ, ఏ ఒక్కటి ఉన్నా ఆపరేషన్ చేయాలని ఉంది. మీ అమ్మాయి విషయంలో లక్షణం ఇప్పటికే ఉంది. సీటీలో కుడి ధమని ఎడమ వైపు నుంచి పుట్టిందని తేలితే మాత్రం శ్రమ చిత్రీకరణకు విలువ ఇంకా పెరుగుతుంది. అక్కడ లక్షణాలు నిజంగా ఆ ధమని వల్లేనా అన్నది జాగ్రత్తగా తూచి చూడాలి, తొందరపడి కోయడం కూడా తప్పే అవుతుంది. రెండూ సరైన చోటే పుట్టాయని తేలితే ఊపిరి పీల్చుకోండి, కానీ అక్కడితో ఆగవద్దు. పరుగులో స్పృహ తప్పించే గుండె కండర జబ్బులు, లయ జబ్బులు వేరే ఉన్నాయి, వాటిని వెతకాలి.

ఆపరేషన్ అంటే చాలాసార్లు, బృహద్ధమని గోడలో చిక్కుకున్న కరోనరీ భాగాన్ని లోపలి నుంచి తెరిచి, దాని రంధ్రాన్ని సరైన చోట వెడల్పు చేయడం. అది కుదరని చోట ధమనిని వేరు చేసి సరైన చోట అతుకుతారు. గుండె పనిని కొంతసేపు యంత్రానికి అప్పగించి చేసే పెద్ద ఆపరేషనే ఇది. అనుభవం ఉన్న బృందాల చేతిలో ఫలితాలు బాగుంటాయి. ఇంత మాత్రాన కథ ముగియదు. కనీసం మూడు నెలల విశ్రాంతి తర్వాత, పోటీ క్రీడలకు పంపే ముందు, పూర్తి శ్రమతో అదే చిత్రీకరణ మళ్లీ చేయాలి, ఎందుకంటే కొందరిలో ఆపరేషన్ తర్వాత కూడా రక్తం చాలని ఆనవాళ్లు కనిపిస్తాయి. అప్పుడు పోల్చి చూడటానికి ఆపరేషన్ ముందటి బొమ్మలు ఉంటే ఎంతో మేలు. ఆ పరీక్ష బాగుండి, లక్షణాలేవీ లేకపోతే మళ్లీ మైదానంలోకి వెళ్లే పిల్లలు ఉన్నారు. ఈ మాట అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆట పూర్తిగా పోయిందనుకొని కుంగిపోయిన పిల్లలు దొంగచాటుగా పరిగెత్తుతారు.

మీ ఇంట్లో ఏడుస్తున్న తల్లికి ఈ మాటలు వినిపించండి. ఛాతీ మధ్యలో మచ్చ ఉంటుంది, కాలం గడిచే కొద్దీ అది పలచబడుతుంది. బాగా కోలుకున్న అమ్మాయి చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, గుండె వైద్యుడి సలహాతో బిడ్డలను కనవచ్చు. పెళ్లి సంబంధాలప్పుడు మచ్చ గురించి ఎవరో ఏదో అంటారేమోనన్న భయంతో పదిహేనేళ్ల బిడ్డ ప్రాణాన్ని పందెం పెట్టడం సరికాదు. ఆ తల్లి భయాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. మన పల్లెల్లో ఆ భయానికి కారణాలు ఉన్నాయని తెలిసే చెబుతున్నాను. మేనరికం వల్లే ఈ లోపం వచ్చిందనడానికి ఆధారం లేదు. కడుపులో బిడ్డ గుండె తయారయ్యే తొలి వారాల్లో జరిగే పొరపాటు ఇది. మీ వైపు, ఆమె వైపు అంటూ పెద్దల మధ్య మాటలు పెరగనివ్వకండి.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ, ఆ బెంగ లేకుండా ఉండదు. రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రను కలిసి, ఆపరేషన్‌తో పాటు సీటీ, శ్రమ చిత్రీకరణల్లో ఏవి పథకం కిందికి వస్తాయో, ఏవి సొంతంగా పెట్టుకోవాలో చేరే ముందే అడగండి. పుట్టుకతో వచ్చే గుండె లోపాలను 18 ఏళ్ల లోపు పిల్లల్లో గుర్తించి చికిత్సకు పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కూడా ఉంది. దాని బృందాలు ప్రభుత్వ పాఠశాలలకు వస్తాయి, గురుకులం నర్సును అడిగితే వివరాలు చెబుతారు. సీటీ చేయించాక కాగితం రిపోర్టుతో సరిపెట్టుకోకుండా బొమ్మలున్న సీడీ తప్పకుండా తీసుకోండి. శస్త్రచికిత్స నిపుణుడు చూసేది ఆ బొమ్మలనే, రిపోర్టులోని రెండు వాక్యాలను కాదు.

ఈలోపు గురుకులం ప్రిన్సిపాల్‌కు, పీఈటీకి లిఖితపూర్వకంగా తెలియజేయండి. అమ్మాయి స్పృహ తప్పితే ముఖం మీద నీళ్లు చల్లడం, తాళంచెవి చేతిలో పెట్టడం వంటి వాటితో సమయం పోగొట్టకూడదు. పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెంటనే 108కి ఒకరు ఫోన్ చేయాలి, మరొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు, సాయం అందే వరకు ఆపకుండా నొక్కాలి. వార్డెన్‌కు, పీఈటీకి, ఆమె గదిలో ఉండే ఇద్దరు ముగ్గురు పెద్ద పిల్లలకు ఇది నేర్పించమని అడగండి. నేర్చుకోవడానికి ఒక గంట చాలు.

మీ అబ్బాయి విషయానికి వస్తే, ఈ లోపం సాధారణంగా ఒకరి నుంచి ఒకరికి వంశంలో దిగేది కాదు, అయినా కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపించిన సందర్భాలు ఉన్నాయి. అతనికి ఏ లక్షణమూ లేకపోతే ఆట ఆపించవద్దు. అక్కను హైదరాబాద్ తీసుకువెళ్లిన రోజునే అతన్నీ వెంట తీసుకువెళ్లి, కరోనరీలు ఎక్కడ పుట్టాయో ప్రత్యేకంగా చూడమని చెప్పి ఒక ఎకో చేయించండి.